ఆయన కనిపించని రెండేళ్లు

మా స్కూలు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్న సందులో ఉంటుంది. నేనక్కడ పై తరగతులకు జీవశాస్త్రం చెబుతాను. ఒక రోజు మధ్యాహ్నం భోజనం డబ్బాకి మూత పెడుతుండగా మా కరస్పాండెంట్ గారు స్టాఫ్‌రూమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. స్కూలు ఆయనదే. ఆయన గుమ్మంలో నిలబడ్డారంటే ఎవరికో ఒకరికి పని తగిలినట్టే.

"మేడం, మన సార్ పుట్టి నూరేండ్లయితున్నది గదా. ఎల్బీ నగర్ల ఫంక్షన్ హాల్ మాట్లాడిన. పేరెంట్స్ అందరొస్తరు. సార్ జీవితం మీద అర్ధగంట మీరే చెప్పాలె."

"మన సార్" అంటే ఆయన ఏనాడూ కళ్లతో చూడని మనిషి. మెట్ట పొలాల్లో, ఎండకూ ముసురుకూ కూడా నిలిచే జొన్న వంగడాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త. ఆయన మీద పిల్లలకు పాఠముంది. మా ఆఫీసు గోడ మీద, దేవుడి పటం పక్కనే, ఆయన ఫొటో ఉంది. కరస్పాండెంట్ గారిదీ ఆయనదీ ఒకే జిల్లా. అందుకని మన సార్.

"అలాగే సార్" అన్నాను. నోరు అలా అంది గాని అప్పటికే ఎలా తప్పించుకోవాలా అని చూస్తున్నాను.

టీచరుకు మాట్లాడడానికి భయమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. క్లాసు వేరు. అక్కడ తలుపు నా పక్కనే ఉంటుంది. బోర్డు వైపు తిరిగి ఒక నిమిషం ఊపిరి తీసుకోవచ్చు. రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్‌లో కిక్కిరిసిన మెట్రో ఎక్కాను. తలుపులు మూసుకోగానే గుండె ఎవరో తరుముతున్నట్టు కొట్టుకోవడం మొదలెట్టింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నానని అనిపించలేదు, చచ్చిపోతున్నానని తెలిసిపోయింది. అదీ దాని తీరు. ఎల్బీ నగర్‌లో ఎవరో ఇద్దరాడవాళ్లు నన్ను దింపి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి గుండె లక్షణంగా ఉందన్నారు. అంత లక్షణంగా ఉన్న గుండెతో మరో రెండుసార్లు ఎమర్జెన్సీకి పోయాక, అక్కడి డాక్టరే మెల్లగా, "మీరు సైకియాట్రిస్టుని కలవండమ్మా" అన్నాడు.

కొత్తపేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన ఉంది ఆ డాక్టరమ్మ క్లినిక్. మెట్లెక్కే ముందు అటూ ఇటూ చూసేదాన్ని. తెలిసినవాళ్లు కనిపిస్తే ఇడ్లీ తినడానికి వచ్చినట్టు కింద కూర్చునేదాన్ని. అలా ఒక్కోసారి రెండు ప్లేట్లు కూడా తిన్నాను. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. విజయవాడలో మా అమ్మకు గ్యాస్ ట్రబుల్ అని చెప్పాను. మాత్రలతో చాలావరకు తగ్గింది. "ఎక్కడ భయమేస్తుందో అక్కడికే కాస్త కాస్తగా వెళ్లాలి" అని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. నేను వింటూనే, మెట్రో ఎక్కకుండా ఆటోల్లో తిరుగుతున్నాను.

అలాంటిదాన్ని ఫంక్షన్ హాల్లో, మైకు ముందు, అర్ధగంట.

మా ఆయన, "వద్దని చెప్పేయరాదూ" అన్నారు.

"ఎందుకొద్దని అడిగితే ఏం చెప్పను?"

అంచేత సిద్ధమవడం మొదలుపెట్టాను. విషయం బాగా తెలిస్తే భయం తగ్గుతుందని ఆశ.

తెలుసుకుంటూ పోతే కొత్త చిక్కొచ్చింది. పాఠంలో ఉన్నదే ఇంటర్నెట్లో ఉంది, ఇంటర్నెట్లో ఉన్నదే లైబ్రరీ పుస్తకంలో ఉంది. కిరసనాయిలు దీపం, చెప్పుల్లేని నడక, వాళ్లమ్మ అమ్ముకున్న గాజులు. పేరు తీసేస్తే ఏ శాస్త్రవేత్తకైనా అతికే జీవితం. ఆ మనిషికి కోపమొచ్చేదా, ఏం కూర ఇష్టం, ఎవరితోనైనా పోట్లాడాడా, ఒక్క ముక్క లేదు. పదో తరగతి ఆడపిల్లలు నలుగురితో కలిసి ల్యాబు గోడకు పొడుగాటి బ్రౌన్ పేపర్ అంటించి, ఆయన జీవితాన్ని ఒక గీతలా గీసి, ఏ ఏడు ఏం చేశాడో రాయడం మొదలుపెట్టాం. పుట్టుక, బడి, కాలేజీ, మొదటి ఉద్యోగం, మొదటి వంగడం, అన్నీ వరసగా పడ్డాయి. చివరి భాగం పతకాలతో కిక్కిరిసిపోయింది. మధ్యలో ఒకచోట మాత్రం జానెడు కాగితం తెల్లగా మిగిలింది. రెండేళ్లు.

ఒక చోట చూస్తే విదేశాల్లో ఉన్నత పరిశోధన అని ఉంది. ఏ దేశమో లేదు. ఇంకోచోట ఢిల్లీలో ముఖ్య బాధ్యతలు అని ఉంది. ఏం బాధ్యతలో లేదు. మూడోచోట ఆ రెండేళ్లను దాటుకుని ముందుకెళ్లిపోయారు.

"మేడం, ఇక్కడేం రాద్దాం?" అనడిగింది గుంపులో అందరికంటే మొండి పిల్ల. అది ఏదైనా తేలేదాకా వదలదు.

"తెలుసుకుని రాద్దాం" అన్నాను.

ఆయన దగ్గర పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అన్నీ హుషారుగా చెప్పిన మనిషి, ఆ రెండేళ్ల మాటెత్తగానే దగ్గడం మొదలుపెట్టాడు. "అవన్నీ నాకు తెలియవమ్మా. ఆయన కూతురు మీకు దగ్గర్లోనే, ఎల్బీ నగర్‌లోనే ఉంటారు. ఆవిణ్ణే అడగండి" అని నంబరిచ్చి పెట్టేశాడు.

ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి రెండు కాలనీలు లోపలికి వెళ్తే పాత అపార్ట్‌మెంటు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే పగలంతా ఇల్లు ఆవిడదే. తలుపు తీస్తూనే, "రా బిడ్డా, ఎండల పడి వచ్చినవ్. కూసో, చాయ్ పెడత" అంది.

గంటసేపు మాట్లాడింది. దీపం, నడక, గాజులు. పాఠాన్నే తెలంగాణ యాసలో వింటున్నట్టుంది. ఎన్నోసార్లు ఎందరికో చెప్పిచెప్పి నున్నగా అరిగిపోయిన మాటలు. నేను రాసుకుంటున్నట్టు నటిస్తూ ఆ ప్రశ్న ఎలా అడగాలా అని చూస్తున్నాను. చివరికి అడిగాను.

ఆవిడ చేతిలోని కప్పు సాసరులో పెట్టింది. "గా రెండేండ్లు ఢిల్లీల ఉండె."

"ఢిల్లీలో ఏ ఆఫీసులో పనిచేశారమ్మా?"

"ఢిల్లీల అన్న గదా." లేచి నిలబడింది. "మనుమరాలి బస్సొచ్చే టైమైంది బిడ్డా. మల్లెప్పుడన్న రా."

వెళ్లమని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు. ఒక పెద్దమనిషిని నొప్పించానన్న బాధ, ఇక ఈ ప్రసంగం ఎలాగన్న బెంగ రెండూ కలిసి మెట్ల మీదే పట్టుకున్నాయి. సగం మెట్లు దిగేసరికి గోడ దగ్గరకొస్తున్నట్టనిపించింది. రెయిలింగు పట్టుకుని కూర్చుండిపోయాను. వెల్లవేసిన గోడ వాసన. కింద ఎవరో ప్రెషర్ కుక్కర్ పెట్టారు, ఆ విజిల్ నా తలలోంచే వస్తున్నట్టుంది.

ఆవిడ గ్రిల్లుకు తాళం వేసి దిగుతూ నన్ను చూసింది. అయ్యో అనలేదు, ఎవర్నీ పిలవలేదు. పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"గుండె కొట్టుకుంటున్నదా?"

తలూపాను.

"చేతులు తిమ్మిరెక్కినయా? సచ్చిపోతున్ననిపిస్తున్నదా?"

మళ్లీ తలూపాను.

"సావవు. లేవకు, గట్లనే కూసో. జర సేపుంటది, పోతది. దాన్ని తరమకు. తరిమితే ఎక్కువైతది."

చెయ్యి కూడా పట్టుకోలేదు. ఊరికే పక్కన కూర్చుంది, బస్సు కోసం ఇద్దరం ఎదురుచూస్తున్నట్టు. నిజంగానే కాసేపటికి కుక్కరు విజిల్ కిందింట్లోకి వెళ్లిపోయింది. గోడ గోడలాగా నిలబడింది.

"మీకెలా తెలుసమ్మా?" అనడిగాను.

ఆవిడ కిందికి వెళ్లి మనుమరాలిని తీసుకొచ్చింది, నన్నూ మళ్లీ పైకి తీసుకెళ్లింది, పిల్లకి పాలిచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది, నాకు మంచినీళ్లిచ్చింది. అప్పుడంది. "మా నాయినకుండె."

ఆయన తయారుచేసిన మొదటి వంగడం పాఠంలో ఒక వాక్యంలో ఉంటుంది. అది బాగా పండింది కూడా. ఊరూరా తిరిగి ఆయనే విత్తనం పంచాడు. ఆ తర్వాత ఒక ఏడు సరిగ్గా కంకి పూతకొచ్చే వేళ ముసురు పట్టింది. కంకులకు బంక తెగులు సోకింది. జిగురు కారి, నల్లబడి, గింజన్నది లేకుండా పోయాయి. పాత విత్తనం వేసినవాళ్లకు నాలుగు గింజలన్నా దక్కాయి. ఆయన్ని నమ్మి వేసినవాళ్లకే ఏమీ దక్కలేదు.

"ఎవ్వరు తిట్టలే బిడ్డా. తిడితే బాగుండు. మా అమ్మగారి ఊరి నుంచి ఒక రైతొచ్చిండు. గా బంక పట్టిన కంకి తెచ్చి మా నాయిన ముంగట పెట్టి, ఒక్క మాట మాట్లాడకుంట పోయిండు. గా దినం నుంచి మా నాయిన గడప దాటలే."

జొన్నరొట్టె వాసనొస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాడట. ఈవిడ వాళ్లమ్మ ఇంట్లో రొట్టెలు చేయడమే మానేసింది. ఆసుపత్రికని బస్సెక్కించినా కిటికీ పక్కన కూర్చునేవాడు కాదు, చేలు కనబడతాయని. వాన చప్పుడైతే చాలు, గుండె పట్టుకుని గోడకు ఆనుకునేవాడు. కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉంచారు. వచ్చాక ఇంట్లో. అప్పటికి ఈవిడ చిన్నపిల్ల. తమ్ముడు మరీ చిన్నవాడని అమ్మమ్మ ఊరికి పంపేశారు. సాయంత్రాలు తండ్రి మెట్ల మీద కూర్చుంటే పక్కన కూర్చోవడం ఈవిడ పని. వాళ్లమ్మ నేర్పిన మాటలే ఇందాక నాకు చెప్పినవి.

"మరి ఢిల్లీ?"

"వాడకట్టోళ్లు అడుగుతుంటే మా అమ్మ ఢిల్లీ పోయిండని చెప్పింది. ఆడికెళ్లి అది పుస్తకాలకెక్కింది." ఆవిడ కొంచెం నవ్వింది. "మా నాయిన ఢిల్లీ పోయిందే లేదప్పటికి."

ఆసుపత్రి డాక్టరు చేనుకు పోయి రమ్మన్నాడట. మొదట రోడ్డు మీంచి చూసి తిరిగొచ్చేవారు. తర్వాత గట్టు దాకా. ఈవిడ వేలు పట్టుకుని నడిచేవాడు, తండ్రే. చివరికొక రోజు, మళ్లీ ముసురుపట్టి పాడైన ఒక చేన్లోకి దిగాడు. దిగాక గంటలకొద్దీ బయటికి రాలేదు. అంతా నల్లబడిన ఆ చేన్లో అక్కడొకటి, అక్కడొకటి కంకులు శుభ్రంగా నిలబడి ఉన్నాయి. వాటిని ఏరి కండువాలో మూటగట్టుకొచ్చాడు. ఆయన్ని దేశమంతా ఎరిగేలా చేసిన వంగడం ఆ మూటలోంచి పుట్టింది.

నేను పెన్ను ఎప్పుడు కింద పెట్టేశానో నాకే తెలియదు. ఆయన జీవితానికి నడిబొడ్డు ఇదీ, మేమేమో తెల్లకాగితం వదిలాం అనుకున్నాను.

ఆవిడ నా మొహం చూసి కనిపెట్టినట్టుంది. "గిది యాడ చెప్పొద్దు బిడ్డా. నీకొచ్చింది చూసి చెప్పిన. మా నాయిన పేరు మీద బడులున్నయి. పిచ్చి లేచిందట అనుకుంటరు."

"చెప్పనమ్మా" అన్నాను. మాటిచ్చాక గాని అదెంత బరువో తెలియలేదు.

ఆ తర్వాతి రోజులు బాగా గడవలేదు. ప్రసంగం రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. ఆ రెండేళ్లు లేకుండా రాస్తే మొదటి వంగడం తర్వాత రెండోది ఊరికే ఊడిపడుతోంది. తెగులు సంగతి చెప్పి ఊరుకుందామంటే, మరి ఆయనేం చేశాడన్న ప్రశ్న వస్తుంది. నిద్రలో కూడా వాక్యాలు దిద్దుతున్నాను. బోర్డు మీద హృదయం బొమ్మ వేస్తూ నాలుగో గది గీయడం మరిచిపోయాను, పిల్లలు చెప్పేదాకా తెలియలేదు.

ఇంతలో కరస్పాండెంట్ గారు ఆహ్వానపత్రం నమూనా పట్టుకొచ్చారు. వెనక పేజీలో శాస్త్రవేత్త జీవిత విశేషాలు. ఖాళీ రెండేళ్ల దగ్గర "విదేశాల్లో ఉన్నత పరిశోధన" అని ముచ్చటగా అచ్చయి ఉంది.

"సార్, దీనికి ఆధారం లేదండీ."

"ఇంటర్నెట్ల ఉన్నది గద మేడం."

"ఇంటర్నెట్లో ఢిల్లీ అని కూడా ఉందండీ. రెండూ నిజం కావు కదా."

"ఎవరడుగుతరు మేడం? ఫారిన్ అంటే పేరెంట్స్‌కు మంచిగనిపిస్తది." ఆయన కొంచెం దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "మీ స్పీచ్‌ల గూడ కష్టాలు జరంత ఎక్కువ పెట్టుండ్రి. చిన్నప్పటి కష్టాలు. పెద్దయినంక కష్టాలొద్దు, పిల్లలు పరేషానైతరు."

ఆ వాక్యం తీసేయమని రెండుసార్లు బతిమాలితే తీసేశారు. దాని బదులు ఏమీ రాయలేదు. అదే గెలుపనుకుని ఇంటికొచ్చాను.

కార్యక్రమానికి ఆయన కూతుర్ని ముఖ్య అతిథిగా పిలిచారు. నాకు ఇంకో భయం పట్టుకుంది. వేదిక మీద నేను ఏ మాట జారినా, ఆవిడ ఎదురుగానే ఉంటుంది.

ఆ ఉదయం మా ఆయన బండి మీద దింపారు. చైతన్యపురి దాటాక ట్రాఫిక్ ఆగిపోయింది. విజయవాడ బస్సుల హారన్లు, తల మీదుగా మెట్రో పోతున్న చప్పుడు. "నీళ్లు తాగుతావా?" అని రెండుసార్లు అడిగారాయన. నాకు నోరు తెరవాలంటేనే భయంగా ఉంది. వెనక్కి తిప్పమందామనుకున్నాను. అనబోయేలోపు పచ్చ సిగ్నల్ పడి బండి కదిలింది.

హాలు పెళ్లికి అలంకరించినట్టుంది. నిజానికి ముందురోజు పెళ్లి అలంకరణే, తీసేయలేదు. వేదిక మీద ఎర్ర వెల్వెట్ సింహాసనాల్లాంటి కుర్చీలు. ఆవిడ వేదికెక్కనని చెప్పి ముందు వరసలో కూర్చుంది. ముదురాకుపచ్చ చేనేత చీర, చేతిలో మంచినీళ్ల సీసా. నన్ను చూసి తలూపింది. ఏ అర్థంలోనో తెలియలేదు.

నా పేరు పిలిచారు. మైకు నా ఎత్తుకంటే పైన ఉంది. దించబోతే కీచుమంది. మొదటి రెండు మాటలు అసలు బయటికే రాలేదు. గుండె లేచింది. అప్పుడు, దాన్ని తరమకూడదన్న మాట గుర్తొచ్చింది. సరే, కొట్టుకో అనుకున్నాను. కాగితం చూసి చదవడం మొదలుపెట్టాను. గొంతు వణుకుతోంది. కాళ్లు వణుకుతున్నాయి గాని అవి చీర వెనక ఉన్నాయి. దీపం చెప్పాను. నడక చెప్పాను. పొలాలు తిరిగి ఆయన విత్తనం పంచిన సంగతి దగ్గర గొంతు కాస్త కుదుటపడింది. మొదటి వంగడం తెగులుకు పోయిందని చెప్పాను. అది పాత వ్యవసాయ పత్రికల్లో ఉన్నదే, ఇచ్చిన మాటలోకి రాదు. తర్వాత రెండో వంగడం. మధ్యలోని దాన్ని గుంతను దాటినట్టు దాటేశాను. చప్పట్లు కొట్టారు. అయిపోయిందనుకున్నాను.

కరస్పాండెంట్ గారు ఉత్సాహంగా మైకందుకుని, "స్టూడెంట్స్, ఎవరికన్న డౌట్లుంటే మేడంను అడగొచ్చు" అన్నారు. ఇది కార్యక్రమంలో లేదు.

మొండి పిల్ల లేచింది. లేస్తుందని నాకు తెలుసు.

"మేడం, ఫస్ట్ వెరైటీ ఫెయిలైనంక టూ ఇయర్స్ ఆయన ఏం చేసిండు? మన చార్ట్‌ల ఖాళీ ఉన్నది గద. మీరు తెలుసుకుని చెప్త అన్నరు."

హాలంతా నా వైపే చూస్తోంది. పక్కనుంచి కరస్పాండెంట్ గారు, "ఫారిన్ మేడం, ఫారిన్" అని గుసగుసగా అందిస్తున్నారు. మైకు ఆ గుసగుసను కూడా పట్టుకుంటుందేమోనని భయపడ్డాను. తెలియదంటే సరిపోతుంది. ఒక్క మాట. కాని ఆ పిల్ల నెల రోజులుగా ఆ గీత ముందు నిలబడి ఉంది. ఆ పిల్ల మొహంలోకి చూసి తెలియదని అనలేకపోయాను.

"తెలుసుకున్నానమ్మా" అన్నాను. "కాని అది చెప్పడానికి నాకు అనుమతి లేదు. ఆయన ఫారిన్‌లో లేరు, ఢిల్లీలోనూ లేరు. అంతవరకే చెప్పగలను."

అన్నాక, ఇంతకంటే తప్పు మాట ఉండదేమో అనిపించింది. చెప్పకుండానే సగం చెప్పేసినట్టయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. జైల్లో ఉన్నాడేమో అని ఎవరో నవ్వారు కూడా. నేను ముందు వరస వైపు చూడలేకపోయాను. కుర్చీ జరిగిన చప్పుడు విని చూశాను.

ఆవిడ లేచింది. వేదిక మెట్ల దాకా వచ్చి, ఎక్కకుండా, చెయ్యి చాపింది. మైకు వంగి అందించాను.

"అడిగిన బిడ్డ ఏది? ఆ, కూసో. గా రెండేండ్లు మా నాయిన దవాఖానల ఉండె. తర్వాత ఇంట్ల ఉండె. దెబ్బ తాకి గాదు. భయంతోని. తన విత్తనం పెట్టి మంది మునిగిపోయిండ్రని భయం. మేము దాచిపెట్టినం. ఇప్పటిదాంక నేనే దాచిపెట్టిన. ఈ టీచరమ్మను గూడ చెప్పొద్దన్న. ఆమె మీద తప్పు లేదు."

తర్వాత చెప్పింది. పాఠం చెప్పినట్టు కాదు. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేస్తూ. రొట్టెలు మానేసిన సంగతి, బస్సు కిటికీ సంగతి, వేలు పట్టుకుని గట్టు దాకా నడిచిన సంగతి. కంకుల మూట దగ్గరికొచ్చేసరికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. మైకు నాకిచ్చేసి వెళ్లి కూర్చుని, సీసా మూత తీసి నీళ్లు తాగింది.

చప్పట్లు వెంటనే రాలేదు. ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. వెనక వరసల్లో ఒకాయన లేచి బయటికి పోయాడు. ఆ తర్వాత కొట్టారు, అందరూ కాదు.

కరస్పాండెంట్ గారు నన్ను వంటశాల పక్కకు పిలిచారు. మొహం ఎర్రగా ఉంది. "ఏంది మేడం ఇది? మెంటల్ దవాఖాన ముచ్చట ఫంక్షన్ల ఎట్ల? రేపు అడ్మిషన్ల టైమ్. మీకు ముందే తెలిసి నాకెందుకు చెప్పలే?"

"మాటిచ్చానండీ."

"నాకు జీతమిచ్చే స్కూల్ ముఖ్యమా, మాట ముఖ్యమా?" అన్నారు. కోపంలో మీకు అనబోయి నాకు అన్నారు. ఇంకో రోజైతే నవ్వొచ్చేది. ఆ రోజు మాత్రం ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఉద్యోగం పోలేదు. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఆఫీసుకు ఫోన్లొచ్చాయట. మొదటిది ఫిర్యాదే. తర్వాతివి వేరే. ఒకావిడ వాళ్లబ్బాయి పరీక్షల ముందు వణికిపోతాడని, ఆ ప్రోగ్రాంలో చెప్పిన పెద్దమ్మతో ఒకసారి మాట్లాడవచ్చా అని అడిగిందట. ఒక తండ్రి నేరుగా ఆఫీసుకే వచ్చి చాలాసేపు కూర్చుని, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడట. ఆ తండ్రి సంగతి కరస్పాండెంట్ గారే నాకు చెప్పారు, మళ్లీ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి. "ఏం మనుషులో మేడం, ఎవల లోపల ఏమున్నదో" అని, పని ఏమీ చెప్పకుండా పోయారు.

నా బెంగంతా ఆ పెద్దావిడ గురించే. మూడు రోజులు ఫోనెత్తలేదు. నాలుగో రోజు ఎత్తింది. గొంతు నీరసంగా ఉంది. వరంగల్‌లో ఉన్న తమ్ముడికి ఎవరో ఫంక్షన్ వీడియో పంపారట. ఫోన్ చేసి, ఇంటి పరువు తీశావని అరిచి పెట్టేశాడట.

"నావల్లే కదమ్మా" అన్నాను. "నేను తెలియదని అనుంటే అయిపోయేది."

"నువ్వు తెల్వదంటే నేను ఇంటికొచ్చి కూసుందును, అంతే. నేను లేస్తనని నాకే తెల్వదు బిడ్డా. నిద్రయితే పడతలే. మా నాయిన ఏమనుకుంటడో అని."

ఓదార్పు మాటలు నాలుగు నోటిదాకా వచ్చాయి గాని, ఆవిడ ముందు అవి తేలిపోతాయనిపించింది. ఊరికే లైన్లో ఉన్నాను. ఆవిడా పెట్టేయలేదు.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమైందమ్మా?"

"మా తమ్ముడొచ్చిండు. పొద్దున బస్సు దిగి సక్కగ ఇంటికొచ్చిండు. కొట్లాడనీకె వచ్చిండనుకున్న."

కొట్లాటకు రాలేదట. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగాడట, ఆ రెండేళ్లు తనను అమ్మమ్మ ఊళ్లో ఎందుకు వదిలేశారని. తానేదో తప్పు చేస్తే పంపేశారని ఇన్నేళ్లూ అనుకున్నాడట. అరవై దాటిన మనిషి. వాళ్ల నాన్నకు బాగాలేదని గాని, ఢిల్లీ అబద్ధమని గాని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. వీడియోలోనే మొదటిసారి విన్నాడు.

"పొద్దుగాల్నుంచి చెప్తనే ఉన్న. వాడు అడుగుతనే ఉన్నడు. అన్నం గూడ సక్కగ తినలే. ఇప్పుడే పండుకున్నడు." దగ్గింది. "నా గొంతంత పోయింది బిడ్డా. మీ స్కూల్ సార్‌కు చెప్పు, ఇంకో ఫంక్షన్ పెడితే ఈసారి నేను రాను. మా తమ్ముణ్ణి పిలుచుకోమను."